ఏ చక్రమో బండికి తెలుసు, మాకూ చెప్పనివ్వండి

కార్ల తయారీ సంస్థల్లో డిజైన్, సర్వీస్ విభాగాలు చూసే పెద్దలకు ఒక బహిరంగ లేఖ.

నమస్కారం.

మీలో ఒకరు తయారు చేసిన కారును తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను. ఏ కంపెనీదో రాయను. నేను అడగబోయే విషయంలో మీలో మీకు పెద్ద తేడా కనబడలేదు కాబట్టి పేరుతో పని లేదు. బండి మీద నాకు కోపం లేదు, మంచి బండి. నా బాధల్లా దాని డాష్‌బోర్డ్ మీద వెలిగే ఒక పసుపు దీపం గురించే.

కారు బొమ్మ, దాని వెనక మెలికలు తిరిగిన రెండు గీతలు. ట్రాక్షన్ కంట్రోల్ లైటు, అంటే చక్రం జారి ఉత్తినే తిరిగిపోకుండా చూసే ఏర్పాటుది. వర్షాలు పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం అది వెలిగింది, తోడుగా ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) లైటు కూడా. బండి నడకలో ఏ మార్పూ లేదు. బ్రేకు ఎప్పటిలాగే పడుతోంది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే రెండూ ఆరిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు పార్కింగ్‌లోంచి బండి బయటికి తిప్పుతుంటే మళ్లీ వచ్చాయి.

గ్లవ్ బాక్సులోంచి మీ మాన్యువల్ తీశాను. సీటు ఎలా జరుపుకోవాలో అందులో బొమ్మలతో సహా ఉంది. ఈ దీపానికి మాత్రం రెండు వాక్యాలు. సిస్టంలో లోపం ఉండవచ్చు, అధీకృత సర్వీస్ కేంద్రాన్ని సంప్రదించండి. సరే, సంప్రదించాను.

మొదటిసారి స్కానర్ పెట్టారు, అంటే బండి కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్‌లను చదివే పరికరం. ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ కోడ్ వచ్చింది. సెన్సర్ మార్చారు, కోడ్ చెరిపేశారు, బండి ఇచ్చేశారు. నాలుగు రోజులు బాగుంది. రెండోసారి వెళితే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ లెక్క తప్పి ఉంటుందని దాన్ని క్యాలిబ్రేట్ చేశారు. ఇంకో వారం గడిచింది. మూడోసారి, ఏబీఎస్ మాడ్యూలే, అంటే దాన్ని నడిపే కంప్యూటరే పోయిందని, మొత్తం యూనిట్ మార్చాలని తేల్చారు. ఆ మాట విన్నాక బండిని ఇంటికి తెచ్చేసుకున్నాను. మూడుసార్లలో ఒక్కసారి కూడా ఎవరూ నన్ను అడగని ప్రశ్న ఒకటుంది: "ఈ లైటు ఎప్పుడొస్తోందండీ?"

నేను మెకానిక్‌ని కాను. ఫ్యాక్టరీలో కొలత పరికరాలు రిపేరు చేసే పనిలో పాతికేళ్లు ఉన్నవాణ్ణి. ముందు కొలవాలి, ఆ తర్వాతే విప్పాలి అన్నది ఆ పని వల్ల వచ్చిన అలవాటు. అందుకే రెండు రోజులు జేబులో చిన్న కాగితం పెట్టుకుని లైటు వచ్చినప్పుడల్లా రాసుకున్నాను. వేగం, రోడ్డు తడా పొడా, మలుపు ఎటు. మొత్తం ఆరుసార్లు వచ్చింది. ఆరుసార్లూ స్టీరింగ్ కుడివైపు చివరిదాకా తిప్పినప్పుడే.

తర్వాత ఏబీఎస్ కోడ్‌లు చదవగలిగే స్కానర్ ఒకటి తెచ్చుకున్నాను. ఇక్కడే మీతో మొదటి పేచీ. మామూలుగా దొరికే చవక స్కానర్లు ఇంజిన్‌కి సంబంధించిన, పి అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు మాత్రమే చదువుతాయి. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్‌కి చెందిన సి కోడ్‌లు వాటికి కనబడవు. కాలుష్య నియంత్రణ చట్టాలు ఒత్తిడి చేశాయి కాబట్టి ఇంజిన్ కోడ్‌లను అందరికీ ఒకే పద్ధతిలో చదవనిచ్చారు. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి అది నియమం. పొగ గొట్టంలో ఏం జరుగుతోందో ఎవరైనా చదవొచ్చు, బ్రేకుల్లో ఏం జరుగుతోందో చదవాలంటే మాత్రం మీ తలుపు తట్టాలి. ఇదేం న్యాయమో నాకు అర్థం కాదు.

స్కానర్‌లో లైవ్ డేటా (సెన్సర్లు అప్పటికప్పుడు పంపే అంకెలు) పెట్టి, మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి ఖాళీ స్థలంలో బండి నడిపాను. తిన్నగా వెళుతున్నప్పుడు నాలుగు చక్రాలూ ఒకటే వేగం చూపిస్తున్నాయి. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి మెల్లగా వెళుతుంటే ముందు ఎడమ చక్రం అంకె ఒక్క క్షణం సున్నా అయి, మళ్లీ మామూలైంది. "నాన్నా, పోయింది... మళ్లీ వచ్చింది" అన్నాడు వాడు. లైటు వెలిగింది. ఈ పరీక్షకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ కవరు తీసి, సెన్సర్ వైరు బాడీ వైరింగ్‌తో కలిసే కనెక్టర్ పట్టుకున్నాను. బాడీ వైపు ఉన్న రెండు వైర్లలో ఒకదాన్ని వేళ్లతో మెత్తగా లాగితే పిన్నుతో సహా వెనక్కి జారింది. పిన్నును లోపల పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి ఉంది. కనెక్టర్ బిగించినప్పుడల్లా ఆ పిన్ను కాస్త వెనక్కి పోతోంది, అంటీ అంటనట్టు నిలబడుతోంది. స్టీరింగ్ కుడికి తిప్పినప్పుడు ఎడమ చక్రం వెనక భాగం బయటికి వస్తుంది కదా, వైరు లాగబడి ఆ కొసరు పట్టు కూడా తప్పుతోంది. కొత్త సెన్సర్‌లో లోపం లేదు. మార్చి పారేసిన పాతదాంట్లోనూ ఉండి ఉండదు. స్టీరింగ్ సెన్సర్ పాపం మొదటి నుంచీ నిర్దోషి. ఇక పోయిందన్న మాడ్యూలు, సిగ్నల్ రావడం లేదని నిజాయితీగా చెబుతున్న ఏకైక సాక్షి.

ఆ మెకానిక్‌ల మీద నింద వేయడం తేలిక. నేను వేయను. ఎందుకంటే సి0035 అనే కోడ్‌కి అసలు అర్థం "ముందు ఎడమ చక్రపు స్పీడ్ సెన్సర్ సర్క్యూట్" అని. సెన్సర్ పోయిందని కాదు, ఆ దారిలో సిగ్నల్ సరిగా రావడం లేదని. ఆ దారిలో మాడ్యూల్ పిన్ను, వైరు, కనెక్టర్, సెన్సర్, సెన్సర్‌కీ, చక్రంతో పాటు తిరుగుతూ దానికి చుట్లు లెక్కపెట్టించే రింగుకీ మధ్య ఖాళీ, ఆ రింగు, రింగును మోసే బేరింగు, ఇన్ని ఉన్నాయి. వీటిలో ఏదైనా ఆ కోడే వస్తుంది. కానీ స్కానర్ తెర మీద "సర్క్యూట్" అన్న మాటను దాటేసి, "సెన్సర్" అన్న మాట దగ్గరే అందరి కళ్లూ ఆగుతాయి. పైగా సెన్సర్ మార్చడానికి ఎంత టైము పడుతుందో మీరు చార్టు వేసి ఇస్తారు. వైరు వెంట వేలు పెట్టుకుని వెతికే టైముకు బిల్లులో గడి ఉండదు. ఎవరికైనా గడి ఉన్న పనే చేయబుద్ధవుతుంది.

ఈ లైటుతో ఇబ్బంది పడుతున్న మిగతావాళ్లు కూడా ఈ లేఖ చదువుతారు కాబట్టి, మీకు తెలిసిన సంగతులే అయినా కొన్ని రాస్తాను. ఓపిక పట్టండి.

ట్రాక్షన్ కంట్రోల్‌కి సొంత అవయవాలు దాదాపు లేవు. 1978లో బాష్ కంపెనీ ఏబీఎస్ మెర్సిడెస్ బెంజ్ ఎస్ క్లాస్‌లో వచ్చింది. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూడటం దాని పని. అవే సెన్సర్లతో, ఇంచుమించు అదే హైడ్రాలిక్ యూనిట్‌తో, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం ఉత్తుత్తిగా తిరిగిపోకుండా కూడా చూడొచ్చని 1980ల్లో ట్రాక్షన్ కంట్రోల్ పుట్టింది. ఒక చక్రం మిగతావాటికన్నా వేగంగా తిరుగుతోందని కనిపెడితే దానికి బ్రేకు వేస్తుంది, లేదా ఇంజిన్ శక్తిని తగ్గించమంటుంది, లేదా రెండూ చేస్తుంది. 1995లో దీనికి స్టీరింగ్ కోణమూ బండి మలుపు తిరిగే వేగమూ కలిపి, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్పీ అన్నారు. 1997లో మెర్సిడెస్ ఏ క్లాస్ స్వీడన్‌లో ఒక పరీక్షలో బోల్తా పడ్డాక ఆ మోడల్ మొత్తానికీ ఈఎస్పీ పెట్టారు. తర్వాత చట్టాలొచ్చాయి. అమెరికాలో 2012 మోడల్ నుంచి, యూరప్‌లో 2014 నవంబర్ నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటికీ ఈ స్థిరత్వ నియంత్రణ తప్పనిసరి. అంటే ఇది కావాలనుకున్నవాళ్లు కొనుక్కునే సోకు కాదు. చట్టమే పెట్టమన్న రక్షణ. అది పనిచేయనప్పుడు ఎందుకు చేయడం లేదో తెలుసుకునే హక్కు కూడా దానితో పాటే రావాలి కదా?

అవయవాలన్నీ అరువువే కాబట్టి, ఎక్కడ ఏది చెడినా ఈ దీపం వెలుగుతుంది. చాలా కార్లలో ఇంజిన్ మిస్ అవుతున్నా, అంటే లోపల ఇంధనం సరిగా మండకపోతున్నా ఇదే వెలుగుతుంది, ఎందుకంటే శక్తి తగ్గించమంటే తగ్గించే స్థితిలో ఇంజిన్ లేదు. అప్పుడు బ్రేకుల చుట్టూ తిరిగితే పుండొకచోట, మందొకచోట అయినట్టే. మా స్నేహితుడి కారులో ట్రాక్షన్ లైటుతో పాటు క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే ఒకే వేగం నిలిపేది) కూడా మొరాయించింది. చూస్తే బ్రేకు పెడల్ దగ్గర ఉండే చిన్న స్విచ్. పెడల్ తొక్కకపోయినా తొక్కినట్టు చెబుతోంది. బ్రేక్ లైట్లు సరిగా వెలుగుతున్నాయో లేదో వెనక ఒక మనిషిని నిలబెట్టి చూసుకుంటే తెలిసిపోయే సంగతి.

డాష్‌బోర్డ్ మీద నాలుగైదు దీపాలు ఒకేసారి వెలిగితే మాత్రం నేను ముందు బ్యాటరీనే అనుమానిస్తాను. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపించాలి. 12.2 అంటే సగం ఖాళీ. ఇంజిన్ నడుస్తుంటే 13.5కీ 14.7కీ మధ్య ఉండాలి. స్టార్ట్ చేసే క్షణంలో వోల్టేజి బాగా పడిపోతే మాడ్యూళ్లు భయపడి దీపాలు వెలిగిస్తాయి. టెర్మినల్ మీద తెల్లటి పొడి, వదులైన ఎర్త్ వైరు, ఇవి చూడకుండా మాడ్యూల్ దాకా వెళ్లడం గోటితో పోయేదానికి గొడ్డలి వాడటమే. మాడ్యూల్‌కి వచ్చే కరెంటు, ఎర్త్ రెండూ లోడు మీద, అంటే కరెంటు నిజంగా పారుతుండగా, కొలవకుండా అది పోయిందని ఎవరైనా అంటే, ఏ కొలతతో తేల్చారని అడగండి.

టైర్ల సంగతి ఇంకా విచిత్రం. కారుకు రోడ్డు కనబడదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో మాత్రమే తెలుసు. 195/65 ఆర్15 టైరు వ్యాసం 634.5 మిల్లీమీటర్లు. దాని బదులు 195/55 ఆర్15 ఒక్కటి వేస్తే వ్యాసం 595.5కి పడిపోతుంది, 6 శాతం తేడా. ఆ చక్రం ఎప్పుడూ తోటివాటికన్నా తొందరగా తిరుగుతూనే ఉంటుంది. జారుతోందేమో అని కంప్యూటర్ అనుకోవడంలో దాని తప్పేముంది? సైజు ఒకటే అయినా, 8 మిల్లీమీటర్ల గాడి ఉన్న కొత్త టైరుకీ 1.6కి అరిగిన టైరుకీ వ్యాసంలో దాదాపు 13 మిల్లీమీటర్ల తేడా వస్తుంది, అంటే 2 శాతం. మామూలుగా కంప్యూటర్ దీన్ని సర్దుకుంటుంది. కానీ చిన్న స్టెప్నీ వేసుకున్నప్పుడో, ఒక చక్రంలో గాలి బాగా తగ్గినప్పుడో లైటు వస్తే ఏ పార్టూ మార్చక్కర్లేదు. అన్నట్టు, ముందు చక్రాలతో నడిచే బండిని జాకీ మీద లేపి, గేరు వేసి చక్రాలు తిప్పితే కూడా ఈ లైటు వస్తుంది. ముందు చక్రాలు పరిగెడుతూ వెనకవి కదలకపోతే ఏ కంప్యూటరైనా కంగారు పడుతుంది. రిపేరు చేస్తూ కొత్త కోడ్ పుట్టించుకుని, దాన్ని పట్టుకుని ఇంకో పార్టు మార్చినవాళ్లూ ఉన్నారు.

సెన్సర్ దగ్గరికి వస్తే, మల్టీమీటర్‌తో ఓములు కొలిచి బాగుందో లేదో చెప్పేస్తుంటారు. పాత రకానికి అది సరే. అందులో అయస్కాంతమూ దాని చుట్టూ తీగచుట్టా ఉంటాయి. ఓములు కార్లను బట్టి మారినా వెయ్యికి అటూ ఇటూ ఉంటాయి. చక్రాన్ని చేత్తో తిప్పితే ఏసీ వోల్టేజి కూడా కనబడుతుంది. ఈ కాలం బళ్లలో ఎక్కువగా ఉండేది ఆ రకం కాదు. ఇది బయటి నుంచి కరెంటు తీసుకుని పనిచేసే ఎలక్ట్రానిక్ ముక్క. రింగు తిరుగుతుంటే దాని కరెంటు 7 మిల్లీఆంపియర్లకూ 14 మిల్లీఆంపియర్లకూ మధ్య మారుతూ ఉంటుంది. దాన్ని ఓములతో కొలిస్తే ఏమీ తెలియకపోగా, సెన్సర్ పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. ఏ బండిలో ఏ రకం ఉందో మాన్యువల్‌లో ఒక్క వాక్యం రాస్తే మీ సొమ్మేం పోతుంది?

రింగుల కథ కూడా అంతే. కొన్ని బళ్లలో రింగు పళ్ల చక్రంలా ఉంటుంది. తుప్పుకు ఉబ్బి పగిలితే చక్రం చుట్టు తిరిగినప్పుడల్లా ఒకచోట లెక్క తప్పుతుంది. బండి ఆగబోతుండగా పొడి రోడ్డు మీద కూడా కాలి కింద బ్రేకు గరగరలాడితే ముందు దీన్ని చూడాలి. మరికొన్నిటిలో పళ్లే ఉండవు, బేరింగు సీలు మీదే అయస్కాంతపు పొర ఉంటుంది. చూడటానికి మామూలు రబ్బరు సీలే. బేరింగు మార్చేటప్పుడు దాన్ని తిరగేసి బిగిస్తే బేరింగు శుభ్రంగా తిరుగుతుంది కానీ సెన్సర్‌కి ఏమీ కనబడదు. బేరింగు పని చేయించాక లైటు వచ్చిందంటే అనుమానం అక్కడే. అలాగే వీల్ అలైన్‌మెంట్ తర్వాత వస్తే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్, వర్షం తర్వాత వస్తే కనెక్టర్లో నీరు. లైటు ఎప్పుడొచ్చిందో అడగాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఇంకొక్క మాట చెప్పకపోతే తప్పవుతుంది. ట్రాక్షన్ పసుపు దీపం ఒక్కటే ఉంటే మామూలు బ్రేకులు ఉన్నట్టే, తడి రోడ్డు మీద ఆచితూచి నడుపుకుంటూ వెళ్లొచ్చు. ఏబీఎస్ దీపం కూడా ఉంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోవచ్చు. వీటితో పాటు ఎర్ర బ్రేకు దీపం వెలిగితే మాత్రం బండి పక్కకు ఆపేయాలి. బ్రేకు ఆయిల్ తగ్గిందేమో చూడాలి, ముందు వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు కూడా పోయి ఉండొచ్చు. ఇది కోడ్‌లు చదువుకుంటూ కూర్చునే వేళ కాదు.

ఇక మిమ్మల్ని అడగాల్సింది. నా బండి ఏబీఎస్ మాడ్యూల్‌లో, ఏ చక్రం సిగ్నల్ పోయింది, అప్పుడు వేగం ఎంత, ఎన్నిసార్లు పోయింది అన్నీ రాసి ఉన్నాయి. మూడోసారి సర్వీస్‌కి వెళ్లినప్పుడే కాదు, మొదటి రోజు సాయంత్రమే రాసి ఉన్నాయి. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టు నేను నెలన్నర తిరిగాను. ఆ బండిలో పాటల పేర్లు చూపించడానికి పెద్ద తెర ఉంది. ఫోన్ చేస్తున్నది ఎవరో చూపిస్తుంది, తలుపు సరిగా పడకపోతే ఏ తలుపో బొమ్మ వేసి చూపిస్తుంది. అదే తెర మీద "ముందు ఎడమ చక్రం నుంచి సిగ్నల్ తెగింది, వేగం 9 కిలోమీటర్లు, ఇది ఆరోసారి" అని చూపించడానికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏముంది? మామూలు మనిషికి అర్థం కాక కంగారు పడతాడంటారా? దీపం చూసి ఇప్పుడు పడుతున్న టెన్షన్ కన్నా ఎక్కువేం పడడు.

ఆ దీపానికి ఉన్న మూడు అర్థాలను కూడా విడదీయండి. జారుతున్నప్పుడు మినుకుమినుకుమంటే పని చేస్తున్నట్టు. కదలకుండా వెలిగితే చెడినట్టు. బురదలోనో ఇసుకలోనో దిగబడినప్పుడు బటన్ నొక్కి ఆపితే, ఆపినట్టు. కొన్ని బళ్లలో ఆపినదానికి వేరే గుర్తు ఉంది, కొన్నిటిలో అదే బొమ్మ కింద ఒక చిన్న మాట. మోకాలు తగిలి బటన్ నొక్కుకుపోయిన బండిని రిపేరుకు తీసుకెళ్లినవాళ్లు నాకు తెలుసు.

మెకానిక్‌లకు మీరిచ్చే శిక్షణలో ఒక్క నియమం పెట్టండి: కోడ్ చెరపకముందు దానితో పాటు నమోదైన వివరాలు కాగితం మీద తీసి యజమానికి ఇవ్వాలి. కోడ్ చెరిపేయడమంటే సాక్షిని ఇంటికి పంపేయడం. ఆ తర్వాత మళ్లీ లైటు వచ్చేదాకా ఎవరి దగ్గరా ఏ ఆధారమూ ఉండదు. అలాగే, పార్టు మార్చకముందు లైవ్ డేటా పెట్టి బండి నడిపి చూసిన పదిహేను నిమిషాలకూ మీ చార్టులో ఒక గడి పెట్టండి. ఆ టైముకు డబ్బు ఇవ్వడానికి నేను సిద్ధం. అక్కర్లేని సెన్సర్‌కి ఇచ్చినదానికన్నా సంతోషంగా ఇస్తాను.

చివరగా ఆ పిన్ను. బొటనవేలి గోరు మీద పెడితే నాలుగు పట్టేంత చిన్నది. మీ పార్టుల జాబితాలో వెతికాను, విడిగా లేదు. దానికి పట్టు ఇచ్చే ప్లాస్టిక్ కనెక్టర్ కూడా విడిగా లేదు. ఉన్నది ఒక్కటే, ముందు భాగం మొత్తం వైరింగ్. నేను తుక్కుకు వెళ్లిన అదే మోడల్ బండి నుంచి కనెక్టర్‌ను జానెడు వైరుతో సహా కోసి తెచ్చుకుని, అతికించి, నీరు చొరకుండా తొడుగు వేశాను. ఏడు నెలలైంది, దీపం మళ్లీ రాలేదు. పాత పిన్నును ఒక చిన్న కవరులో వేసి, మీరు మార్చమన్న మాడ్యూల్ కొటేషన్‌కి పిన్ను కొట్టి దాచాను. వచ్చే జాబితాలో దానికొక పార్టు నంబర్ వేస్తామంటే, కొలతలు తీసుకోవడానికి పంపిస్తాను.

ఇట్లు,
మీ బండి నడుపుకుంటున్న ఒకడు